కెనరీ పిట్ట మేత: పశ్చిమ ప్రకాశం మెట్ట పంటల నడుమ

కెనరీ పంజరంలో పెంచుకునే చిన్న పాటపిట్ట. శాస్త్రీయ నామం సెరినస్ కనారియా. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కెనరీ దీవులు, వాటికి ఉత్తరాన ఉన్న మదీరా, అజోర్స్ దీవులు దీని పుట్టినచోటు. 15వ శతాబ్దంలో స్పెయిన్ పాలకులు కెనరీ దీవులను ఆక్రమించుకున్నాక ఈ పిట్ట యూరప్ ఇళ్లలోకి చేరింది. అడవి కెనరీ ఆకుపచ్చ, గోధుమ వన్నెలు కలిసిన చారల పిట్ట. ఇప్పుడు మనం చూసే నిండు పసుపు రంగు తరతరాల పెంపకంలో ఎంచి నిలబెట్టింది. పాడేది ప్రధానంగా మగపిట్ట. బరువు 15 నుంచి 25 గ్రాములు, మేత కుదిరితే ఆయువు పదేళ్లు.

తెలుగు పట్టణాల్లో పంజరపు పిట్టలంటే ముందుగా గుర్తొచ్చేవి అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలు, ఆ తర్వాత జీబ్రా ఫించ్‌లు. కెనరీ వాటికంటే అరుదు, ఖరీదు. హైదరాబాద్ ముర్గీ చౌక్ వంటి పెద్ద పిట్టల బజార్ల నుంచి తెచ్చుకునేవారే ఎక్కువ. తెచ్చుకున్నాక బడ్జీలకు వేసే గింజలే దీనికీ వేస్తారు. కెనరీకి వచ్చే ఇబ్బందుల్లో చాలా మటుకు ఇక్కడే మొదలవుతాయి.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి, పొదిలి ప్రాంతాలు నల్లమల తూర్పు వైపున ఉన్న మెట్ట నేలలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలోను ఉండేవి. కంభం చెరువు ఆయకట్టు వంటి కొన్ని చోట్లను తప్పిస్తే వాన మీద ఆధారపడ్డ సేద్యమే. కొర్ర, సజ్జ, జొన్న, వరిగ వంటి చిరుధాన్యాలు, నువ్వులు, పొద్దుతిరుగుడు, కంది, మిరప ఈ నేలకు తెలిసిన పంటలు. గింజలు తినే పిట్టను పెంచేవారికి ఇది కలిసొచ్చే ప్రాంతం. కావలసిన మేతలో మంచి భాగం ఇంటి చుట్టూ పండుతుంది. మిగతా భాగం ఏమిటో తెలుసుకోవడమే అసలు పని.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. కెనరీ, బడ్జీ, జీబ్రా ఫించ్ విదేశీ జాతులు, పంజరంలోనే తరాలుగా పెరిగినవి. రామచిలుక, గోరింక, జీనువాయి మన అడవి పిట్టలు. వాటిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లవారికి ఇది మరీ దగ్గరి విషయం. ఈ వ్యాసంలో చెప్పే మేత పద్ధతులను రామచిలుకను పెంచడానికి వాడుకోకూడదు.

అడవిలో తిండి

కెనరీ ఫ్రింజిల్లిడే కుటుంబానికి చెందింది. ఈ కుటుంబపు పిట్ట ఒకటి, రోజ్‌ఫించ్, చలికాలంలో దక్షిణ భారతదేశానికి వలస వస్తుంది. సొంత దీవుల్లో కెనరీ గడ్డిగింజలు, కలుపు మొక్కల గింజలు తింటుంది. గింజ ఎండేదాకా ఆగదు, పాలు పట్టిన పచ్చి గింజనే ఇష్టంగా ఒలుస్తుంది. లేత ఆకులు, మొగ్గలు, అత్తి పండ్ల వంటివి కూడా తింటుంది. పిల్లలను సాకే రోజుల్లో చిన్న పురుగులనూ పట్టుకుంటుంది. పంజరంలో అదే పిట్టకు ఏడాది పొడుగునా ఎండు గింజలే దొరుకుతాయి. ఎండు గింజల్లో విటమిన్ ఎ దాదాపు ఉండదు, డి అసలు ఉండదు, కాల్షియం బాగా తక్కువ. కడుపు నిండుతుంది, ఒళ్లు మాత్రం లోపల డొల్లవుతుంది.

గింజలు

కెనరీకి మూలాధారం కెనరీ గింజ. ఇది ఫలారిస్ అనే గడ్డిజాతి పంట, కెనడా, అర్జెంటీనాల్లో విరివిగా పండుతుంది. గింజ లేత పసుపు రంగులో, రెండు కొనలూ తేలి, నున్నగా మెరుస్తుంది. మన దగ్గరికి దిగుమతి సరుకుగా వస్తుంది కాబట్టి ధర ఎక్కువ. దీన్లోని మాంసకృత్తులు చిరుధాన్యాలన్నిటి కంటే ఎక్కువ.

దీనికి తోడుగా నిలిచేవి కొర్ర, వరిగ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలంగా ప్రచురిస్తున్న పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రల్లో 12.3 గ్రాముల మాంసకృత్తులు, 4.3 గ్రాముల కొవ్వు ఉంటాయి. వరిగల్లో మాంసకృత్తులు 12.5 గ్రాములు, కొవ్వు 1.1 గ్రాములే. సజ్జల్లో 11.6 గ్రాములు, 5 గ్రాములు. రాగుల్లో మాంసకృత్తులు 7.3 గ్రాములే అయినా కాల్షియం 344 మిల్లీగ్రాములు. గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటితే వచ్చే నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది, కృష్ణదేవరాయ, నరసింహరాయ వంటి కొర్ర రకాలను రూపొందించింది. అంటే పిట్టల మేత అమ్మే దుకాణంలో చిన్న పొట్లాలుగా కట్టి అమ్మే గింజ ఇక్కడ రైతు కళ్లంలోనే దొరుకుతుంది.

కొనేటప్పుడు అడగాల్సింది పొట్టు తీయని కొర్రలు. దుకాణాల్లో ఇప్పుడు విరివిగా దొరికేది కొర్ర బియ్యం. పొట్టుతో పాటు కొంత తవుడు, మొలక పోయిన గింజ అది. పిట్టకు ముక్కుతో ఒలిచే పని కూడా మేతలో భాగమే. ఎండిన కొర్ర కంకిని అలాగే పంజరపు ఊచలకు కట్టేస్తే ఇంకా మంచిది. పిట్ట కంకి పట్టుకుని వేలాడుతూ ఒక్కో గింజా రాల్చుకుంటుంది, పంజరంలో ఉన్నా దానికి కాస్త పని దొరుకుతుంది.

అయితే కొర్ర మీదే కెనరీని పెంచలేం. బడ్జీ, జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా గడ్డి మైదానాల పిట్టలు, చిరుధాన్యాలు వాటికి చక్కగా సరిపోతాయి. కెనరీకి నూనె, మాంసకృత్తులు కాస్త ఎక్కువ కావాలి. సగానికి పైగా కెనరీ గింజ, నాలుగో వంతు కొర్రా వరిగా, మిగతాది వలిసెలు, అవిసె గింజలు, కొద్దిగా నువ్వులు కలిపితే రోజువారీ మేతకు కుదురుతుంది. వలిసెలంటే అరకు లోయలో పసుపు పూలతో కొండవాలు నింపే పంట, వాటి గింజలే. సజ్జ గింజ కాస్త పెద్దది, నానబెట్టి వేస్తే తింటుంది. పొద్దుతిరుగుడు గింజ కెనరీ ముక్కుకు పెద్దది. ఒలిచి పప్పు వేస్తే మాత్రం మిగతావన్నీ వదిలేసి దాన్నే ఏరుకుంటుంది, కొన్ని నెలల్లో కొవ్వు పడుతుంది. నూనె గింజల పాలు పెంచమని పిట్ట అడుగుతున్నట్టే ఉంటుంది, పెంచకూడదు.

ఎంత వేయాలి? రోజుకు ఒక చిన్న చెంచా, మహా అయితే చెంచాన్నర. నాలుగైదు గ్రాములు అనుకుంటే నెలకు ఒక పిట్టకు 150 గ్రాములు దాటదు. రైతు దగ్గర చవకగా దొరికిందని పది కిలోలు తెచ్చి పెట్టుకుంటే ఒక్క పిట్ట దాన్ని తినేలోపు అయిదేళ్లు గడుస్తాయి. ఈ ఎండలకు వలిసెలు, అవిసెలు రెండు మూడు నెలల్లోనే ముక్కిపోతాయి. పావు కిలో చొప్పున కొని, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, చల్లటి చోట పెట్టడం మేలు. గింజ బాగుందో లేదో తెలియాలంటే చిటికెడు తడిగుడ్డలో మూటగట్టి ఉంచాలి. ఎక్కువ భాగం మొలిస్తే అది ప్రాణమున్న గింజ.

పల్లెల్లో మరో ప్రమాదం ఉంది. విత్తడానికి దాచిన గింజలకు విత్తన శుద్ధి మందు పట్టిస్తారు. గులాబీ రంగో ఎరుపో నీలమో అంటుకుని ఉంటుంది. ఆ సంచిలో మిగిలిన గుప్పెడు గింజలు పిట్టకు వేస్తే ప్రాణం పోతుంది. కడిగినా పనికిరావు. మందు కలిపిన సంచినే ఖాళీ చేసి మేతకు వాడినా అంతే.

నిండుగా కనిపించే గిన్నె

కెనరీ గింజను ముక్కు అంచుల మధ్య తిప్పి, పొట్టు వొలిచి, లోపలి పప్పు మింగి, పొట్టును అక్కడే వదిలేస్తుంది. పొట్టు గిన్నెలోనే పడుతుంది. ఉదయం వేసిన మేత సాయంత్రానికి కూడా అంచు దాకా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంకా ఉంది కదా అని మర్నాడు వేయరు. నిజానికి పైన అంగుళం మేర పొట్టే, పిట్ట ఆకలితో దాన్ని కెలుకుతూ ఉంటుంది. ఇంత చిన్న పిట్ట ఒంట్లో నిల్వ ఉండే శక్తి ఒకటి రెండు రోజులకు మించి చాలదు. అందుకే రోజూ ఉదయం గిన్నె బయటికి తీసి పొట్టు ఊది, అడుగున ఎంత గింజ మిగిలిందో వేలితో చూసి, తర్వాతే కొత్త మేత వేయాలి. పిట్టల పెంపకంలో ఇంతకంటే ముఖ్యమైన అలవాటు లేదు.

ఆకు, పండు, గుడ్డు

విటమిన్ ఎ లోటు తీర్చేది ఆకుకూర. అందులో మొదటి స్థానం మునగాకుకే ఇవ్వాలి. పెరటి చెట్టు నుంచి కోసుకోవచ్చు, ఖర్చు లేదు, 100 గ్రాముల్లో 440 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. లేత రెబ్బను ఊచల మధ్య దోపితే ఒక్కో ఆకూ తుంచుకుని తింటుంది. కొత్తిమీర, మెంతికూర, క్యారెట్ తురుము కూడా మంచివే. తోటకూరలోనూ పాలకూరలోనూ కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. గంగవావిలి కూరకూ ఇదే వర్తిస్తుంది. వీటిని అప్పుడప్పుడు వేయాలి, రోజూ కాదు. వెన్ను తీసిన గరిక, ఊదగడ్డి కంకులను పచ్చిగా ఉన్నప్పుడే కోసుకొస్తే అడవి కెనరీ తినే పాల గింజకు అవి చాలా దగ్గర. మిరప, పత్తి చేల గట్ల మీది ఆకూ గడ్డీ మాత్రం తేకూడదు. ఆ పంటలకు కొట్టే మందులు గట్టు మీది కలుపు మీదా పడతాయి. ఏ ఆకైనా నీళ్లలో బాగా జాడించి, ఆరబెట్టి వేయాలి.

పండ్లలో జామ, బొప్పాయి, విత్తులు తీసిన యాపిల్ చిన్న ముక్కగా సరిపోతాయి. వేసవిలో పుచ్చకాయ ముక్క, కీరదోస ముక్క పిట్టకు హాయి. మధ్యాహ్నానికి తీసేయాలి.

ఉడికించిన కోడిగుడ్డు గుడ్లు పెట్టే కాలంలోనూ ఈకలు రాల్చే కాలంలోనూ తప్పనిసరి. ఆడపిట్ట ఒక ఈతకు సాధారణంగా మూడు నుంచి అయిదు గుడ్లు పెట్టి, 13, 14 రోజులు పొదుగుతుంది. పిల్లలు మూడు వారాల లోపే గూడు వదులుతాయి. అంత తొందరగా పెరిగే ఒంటికి గింజ మాంసకృత్తులు చాలవు. గుడ్డును మెత్తగా చిదిపి, రొట్టెపొడి కలిపి, అరచెంచా వేస్తే చాలు. మార్కాపురం ఎండలో ఉడికించిన గుడ్డు గంటలోనే పాడవడం మొదలవుతుంది. గంట దాటకుండా గిన్నె తీసేయాలి. జతకట్టించే పని చల్లటి నెలలకే పరిమితం చేసుకుంటే ఈ బెడద తగ్గుతుంది. ఈకలు రాలే వారాల్లో పిట్ట పాట ఆపేస్తుంది. అది జబ్బు కాదు. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే, ఆ రోజుల్లో పోషణ అంతా అటే పోతుంది.

గింజలకు బదులుగా తయారుచేసిన గుళికల మేత నగరాల్లో దొరుకుతుంది. మంచిదే. మార్చదలిస్తే వారాల తరబడి గింజలో కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి. గుళికలను తిండిగా గుర్తించని పిట్ట వాటి ముందే ఆకలితో చనిపోగలదు.

సున్నం, బలపం

కాల్షియం కోసం పంజరంలో ఎప్పుడూ ఉండాల్సింది సముద్రపు నురుగు. ఇది కటిల్ చేప ఎముక, తెల్లగా, తేలికగా ఉంటుంది. మూలికలు, ఆయుర్వేద సరుకులు అమ్మే దుకాణాల్లో ఈ పేరుతోనే అడగాలి. మెత్తటి వైపు పిట్టకు అందేలా ఊచలకు కట్టాలి. అది దొరకని చోట ఉడికించి, ఎండబెట్టి, పొడిచేసిన కోడిగుడ్డు పెంకు అంతే పని చేస్తుంది.

మార్కాపురం పలకల ఊరు. పలక ముక్క, బలపం ముక్క చేతికి అందుతాయి కాబట్టి పిట్టకు రాయిలా పెట్టాలనిపిస్తుంది. ఉపయోగం లేదు. పలక రాయీ బలపం రాయీ సిలికేట్ ఖనిజాలు, పిట్టకు కావలసిన కాల్షియం వాటిలో లేనట్టే. గోడకు వేసే సున్నం ఇంకా ప్రమాదం, నోరు, పేగు కాలుతాయి. గింజలు అరగడానికి ఇసుక రాళ్లు వేయాలన్నది పాత మాట. గింజను పొట్టుతో మింగే పావురానికీ కోడికీ అవి అవసరం. ఒలుచుకు తినే కెనరీకి వాటి పని లేదు, ఎక్కువ తింటే పేగులో అడ్డుపడతాయి.

కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి ఎండ కావాలి. ఉదయం తొమ్మిదిలోపు ఎండ, పంజరంలో సగం నీడ ఉండేలా పావుగంట చాలు. కిటికీ అద్దం వెనక ఎండ పనికిరాదు, అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మిరపపండు రంగు

మిరప పండే ప్రాంతానికి ఆసక్తి కలిగించే కథ ఒకటి కెనరీ చరిత్రలో ఉంది. 1870ల్లో ఇంగ్లండు పిట్టల పోటీలకు నార్విచ్ జాతి కెనరీలు కొన్ని అంతకుముందు ఎవరూ చూడని నారింజ రంగులో వచ్చాయి. రంగు పూశారని గొడవలయ్యాయి. చివరికి బయటపడ్డ రహస్యం ఎర్ర మిరప పొడి. ఈకలు మొలిచే రోజుల్లో మేతలో కలిపి తినిపిస్తే మిరపలోని క్యాప్సాంథిన్ అనే వర్ణకం రక్తంలో కలిసి ఈకలోకి చేరుతుంది. ఈక పూర్తిగా పెరిగాక ఎంత తినిపించినా రంగు మారదు, మళ్లీ ఈకలు రాలే దాకా ఆగాల్సిందే.

మిరప తింటే పిట్టకు మండదా? మండదు. మన నోట్లో కారాన్ని గుర్తించే గ్రాహకం పక్షుల్లోనూ ఉంది, అయితే దానికి కారపు రసాయనం క్యాప్సైసిన్ పట్టుబడదు. 2002లో దీన్ని నిరూపించిన బృందంలోని డేవిడ్ జూలియస్‌కు ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అడవి మిరప విత్తనాలను పక్షులు దూరదూరాలకు మోసుకుపోగలిగేది ఇందువల్లే.

ఎరుపు కెనరీల సంగతి వేరు. 1920ల్లో జర్మనీలో పెంపకందార్లు దక్షిణ అమెరికాకు చెందిన ఎర్ర సిస్కిన్ పిట్టతో కెనరీని సంకరం చేశారు. తిండిలోని పసుపు వర్ణకాన్ని ఒంట్లోనే ఎరుపుగా మార్చే జన్యువు అలా కెనరీలోకి వచ్చింది. ఆ జన్యువు ఏదో 2016లో గుర్తించారు. అలాంటి పిట్టకైనా తిండిలో ఆ వర్ణకాలు లేకపోతే రంగు వెలిసిపోతుంది.

పెంపుడు పిట్ట ఆరోగ్యానికి ఈ రంగు మేత అక్కర్లేదు. బజారు కారప్పొడి అసలే వద్దు, నూనె, ఉప్పు, రంగు కలిసే అవకాశం ఉంది, చేలో కొట్టిన మందుల శేషాలూ ఉంటాయి. పెరట్లో మందు కొట్టకుండా పండించిన మిరపపండు ఉంటే వారానికో ముక్క వేయవచ్చు.

నీళ్లు, ఎండ

ఏప్రిల్, మే నెలల్లో మార్కాపురం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఆ రోజుల్లో మేత కంటే నీరే ముఖ్యం. ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా మార్చాలి, గిన్నె అడుగు వేలితో రుద్ది కడగాలి. స్నానానికి వెడల్పాటి మూకుడులో వేరే నీళ్లు పెట్టాలి. విటమిన్ చుక్కలను తాగే నీళ్లలో కలపమని సీసాల మీద రాసి ఉంటుంది. వేడికి, వెలుతురుకు అవి త్వరగా బలం కోల్పోతాయి, నీరు కూడా జిగటగా మారుతుంది. తడి మేత మీద వేస్తే మేలు.

కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిన బాధే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని భారతీయ ప్రమాణం. ఇంట్లో మనుషులు తాగే శుద్ధి చేసిన నీటినే పిట్టకూ పోయాలి. రోజుకు అరగ్లాసు కూడా కాదు.

పెట్టకూడనివి

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం విషాలు. ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఉప్పు తగిలిన మిక్చరు, మురుకులు, పచ్చళ్లు ప్రేమతో పెట్టినా హాని చేస్తాయి. అన్నం, బియ్యపు నూకలు విషం కాదు, కడుపు నింపి అసలైన మేతను తిననివ్వవు. బూజు పట్టిన గింజ, ముఖ్యంగా వేరుశనగ, కాలేయాన్ని తినేస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును ముందుగా పసిగట్టడానికి 1986 దాకా కెనరీలను వాడారంటే వాటి ఊపిరితిత్తులు ఎంత సున్నితమో తెలుస్తుంది. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ కెనరీని నిమిషాల్లో చంపుతుంది. పంజరం వంటింట్లో ఉండకూడదు, పలకలు కోసే దుమ్ము వచ్చే చోటా ఉండకూడదు.

పిట్టను చూసి తెలుసుకోవడం

మేత సరిపోతోందో లేదో పిట్ట ఒళ్లే చెబుతుంది. మెత్తగా చేతిలోకి తీసుకుని, పొట్ట మీది ఈకలను నోటితో ఊదితే చర్మం కనిపిస్తుంది. పలచగా, లేత ఎరుపుగా ఉంటే సరైన తిండి. చర్మం కింద పసుపు కొవ్వు గడ్డలు కనిపిస్తే నూనె గింజలు తగ్గించాలి. రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగిలితే పిట్ట పస్తులుంటోందని లెక్క. వంటింటి డిజిటల్ తూకం మీద వారానికోసారి తూచి రాసుకోవడం ఇంకా మంచిది. 20 గ్రాముల పిట్ట రెండు గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. రెట్టలో తెలుపు, ముదురు రంగు విడివిడిగా గట్టిగా ఉండాలి. ఆకు ఎక్కువ తిన్న రోజు కాస్త పలచబడుతుంది, భయం లేదు.

జబ్బును దాచుకోవడం చిన్న పిట్టల స్వభావం. ఈకలు ఉబ్బించుకుని, పట్టపగలు కళ్లు మూసుకుని, పంజరం అడుగున కూర్చున్న కెనరీకి ఇంటి చిట్కాలు ప్రయత్నిస్తూ రోజులు గడపకండి. తూచి రాసుకున్న కాగితం, వేస్తున్న మేత చిటికెడు, ఆ రోజు రెట్ట పడ్డ కాగితం వెంట పెట్టుకుని అదే రోజు పశువైద్యుడికి చూపించండి.